తాతగారి సైకిలు మనవరాలికి: మార్పులు చేయించే ముందు



ప్రతిసారీ ఈ పేజీలో మేము బి.పి. గురించో, షుగరు గురించో, పసిపిల్లల విరేచనాల గురించో వ్రాస్తాము. ఈసారి సైకిలు గురించి వ్రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికలో సైకిలు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం మా క్యాజువాలిటీలో కనిపించింది.

ఒక వర్షాకాలపు సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే పాపను తీసుకొచ్చారు. గడ్డం చీలింది. పైవరుసలో ముందు పళ్ళు రెండు లేవు. కుడి మణికట్టు వాచి వంకర తిరిగింది. ఏ లారీ గుద్దలేదు, ఏ కుక్కా అడ్డం రాలేదు. చదునైన రోడ్డు మీద సైకిలే విరిగింది. తండ్రి ఆ సైకిలును కూడా ఆటోలో వేసుకొచ్చారు. అది పాప తాతగారు వాడిన 28 సైజు మగవాళ్ళ సైకిలు. చుడీదారుతో ఎక్కి దిగడానికి వీలుగా ఉంటుందని సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఉండే అడ్డ బారును కోయించి, దాని బదులు కిందుగా ఒక నీళ్ళ పైపు ముక్కను కరెంటు వెల్డింగుతో అతికించారు. సరిగ్గా ఆ అతుకు అంచునే ముందు గొట్టం చీలిపోయింది.

“డబ్బులుంటే కొత్తదే కొనేవాణ్ణి కదా సిస్టర్” అన్నారా తండ్రి. ఆయనకు మేము జవాబు చెప్పలేకపోయాము. పాత సైకిలును బాగుచేసుకొని పిల్లను బడికి పంపాలనుకోవడం తప్పు కాదు. ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు అన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే మా మెయింటెనెన్సు విభాగంలో మంచాలకు, ట్రాలీలకు అతుకులు వేసే పెద్దాయనను, గేటు బయట సైకిల్ షాపు నడిపే పెద్దాయనను కూర్చోబెట్టుకొని అడిగి తెలుసుకున్నాము. వారు చెప్పినదీ, మాకు వైద్యపరంగా తెలిసినదీ కలిపి ఇక్కడ పెడుతున్నాము.

ఒకరి వైపు వేలు చూపే ముందు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం గ్రామాలకు వెళ్ళే మా ఆరోగ్య కార్యకర్త సైకిలుకు ఫోర్కు వంగిపోతే, దొరికిన ఇంకో ఫోర్కు వేయించాము. దాని మెడ గొట్టం రెండు అంగుళాలు పొట్టిగా ఉంది. పైన ముక్క అతికించి పొడవు చేయించాము. నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక కల్వర్టు దగ్గర గుంటలో పడగానే హ్యాండిలు చేతిలోకి ఊడి వచ్చింది. ఆమెకు భుజం దగ్గరి కాలర్ ఎముక విరిగింది. తల రాయికి తగలకుండా దేవుడు కాపాడాడు. ఆ రెండు అంగుళాల ముక్కను మేము ఇప్పటికీ మరచిపోలేదు.

సైకిలుకూ ఎముకలున్నాయి

1885లో ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి చైను ఉన్న ‘రోవర్’ సైకిలును తెచ్చారు. కొద్ది సంవత్సరాల్లోనే ఫ్రేము ఇప్పటి ఆకారానికి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఆకారం పెద్దగా మారలేదు. వెనుక వైపు చూస్తే మూడు గొట్టాలతో ఒక త్రిభుజం. ముందు వైపు పై బారు, కింది గొట్టం, సీటు గొట్టం, హ్యాండిలు కింద ఉండే చిన్న తల గొట్టం కలిసి దాదాపు ఇంకో త్రిభుజం. త్రిభుజంలో ఒక భుజాన్ని తీసేస్తే మిగిలిన రెండూ తలుపు రెక్కల్లా కదులుతాయి. పై బారు కోసినప్పుడు జరిగేది ఇదే. గుంటలో పడిన ప్రతిసారీ ముందు చక్రం తల గొట్టాన్ని వెనక్కు నెడుతుంది. ఆ తోపును అడ్డుకోవడానికి కింది గొట్టం ఒక్కటే మిగులుతుంది.

మరి ఆడవాళ్ళ సైకిలుకు పై బారు లేదు కదా అని అడుగుతారు. అందులో రెండో గొట్టం ఏటవాలుగా కిందికి దిగి ఉంటుంది. ఆ భారానికి తగినట్టుగా అతుకుల స్థానాన్ని, గొట్టాల మందాన్ని ఫ్యాక్టరీలోనే లెక్క వేసి చేస్తారు. మగవాళ్ళ సైకిలును కోసినంత మాత్రాన ఆడవాళ్ళ సైకిలు అయిపోదు.

మన ఎముకల లాగే ఈ గొట్టాలూ లోపల బోలు. పాత సైకిళ్ళలో గోడ మందం సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లే. వాటి చివరలను లగ్గు అనే తొడుగులో దూర్చి, సందులోకి ఇత్తడిని కరిగించి పోస్తారు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. కాబట్టి ఇత్తడి అతుకులో గొట్టం కరగదు. కరెంటు వెల్డింగులో గొట్టమే కరుగుతుంది. పల్చటి గొట్టానికి దట్టమైన పైపు ముక్కను అతికిస్తే, అతుకు గట్టిగా ఉండి దాని పక్కన గొట్టం చీలుతుంది. ఎముకల వార్డులో పనిచేసిన వారికి ఇది తెలిసిన విషయమే. తొడ ఎముకకు స్టీలు ప్లేటు వేసిన మనిషి మళ్ళీ పడితే, తరచుగా ప్లేటు ముగిసే చోటే ఎముక విరుగుతుంది. గట్టిదీ మెత్తనిదీ కలిసే అంచు మీదే ఒత్తిడి ఎక్కువ పడుతుంది.

ఇక ముందు ఫోర్కుకు త్రిభుజం ఆసరా కూడా లేదు. చాపిన చెయ్యి లాగా ఒంటరిగా నిలబడుతుంది. బ్రేకు వేసినా, గుంటలో పడినా దెబ్బ అంతా ఫోర్కు తల దగ్గర, అంటే రెండు కాళ్ళు మెడ గొట్టంతో కలిసే చోట పడుతుంది. వెనుక గొట్టం విరిగితే సాధారణంగా సైకిలు కుంగి ఆగుతుంది. ఫోర్కు విరిగితే మాత్రం మనిషి ముఖం నేరుగా రోడ్డుకు తగులుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకునే సమయం కూడా ఉండదు.

జాగ్రత్తగా చేయించుకోదగిన మార్పులు

1. సీటు ఎత్తు. సీటు కింది కడ్డీ గొట్టంలో వదులుగా ఉంటే, పల్చటి అల్యూమినియం రేకును చుట్టి బిగించవచ్చు. అయితే కడ్డీ మీద ఉండే గుర్తు గీత పైకి కనిపించకూడదు. గీత లేకపోతే కనీసం ఆరున్నర సెంటీమీటర్లు లోపల ఉండాలి, పై బారు కలిసే అతుకు కంటే కిందికి దిగి ఉండాలి. హ్యాండిలు కడ్డీకి కూడా ఇదే నియమం.

2. పెడలు చెయ్యి, అంటే క్రాంకు. పెడలు ఒక చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగాలి. విరిగిన కాలు అతికాక మోకాలు బిగుసుకున్నవారికి, కీళ్ళ నొప్పులవారికి అంత వంగదు. మామూలు క్రాంకు 170 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పొట్టి క్రాంకు వేస్తే తక్కువ వంపుతోనే తొక్కవచ్చు. సీటు కాస్త ఎత్తు చేసినా మోకాలికి సుఖమే. ఇందులో గొట్టం ఏదీ కోయనక్కరలేదు. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారిని, ఫిజియోథెరపిస్టును అడిగి చేయండి.

3. 28 చక్రాల బదులు 26 చక్రాలు. పొట్టివారికి కాళ్ళు నేలకు అందాలని ఇలా మారుస్తారు. చేయవచ్చు. కానీ సైకిలు మొత్తం సుమారు రెండున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మలుపులో పెడలు నేలకు తగిలి పడిపోతారు. మలుపు తిరిగేటప్పుడు లోపలి పెడలు పైకి ఉంచడం పిల్లలకు నేర్పండి. ఇంకో ముఖ్య విషయం బ్రేకు. పాత కడ్డీ బ్రేకు చక్రపు రిమ్ము లోపలి వైపు ఒరుసుకుంటుంది. చిన్న రిమ్ముకు అది అందదు. బ్రేకు అందడం లేదని తీసేసి తిరిగే సైకిళ్ళను మేము చూశాము. పొడవు చేతుల పక్క బ్రేకు వేయించాలి, దానికి పక్కలు చదునుగా ఉన్న రిమ్ము కావాలి. ఫోర్కు తలలో బ్రేకుకు రంధ్రం లేకపోతే కొత్తగా తొలిపించకండి. రంధ్రం ఉన్న ఫోర్కునే అడగండి.

4. ఫోర్కు మార్చడం. వంగిన ఫోర్కును సాగదీయడం కంటే మార్చడమే మేలు. కొనే ముందు మూడు చూడాలి: మెడ గొట్టం పొడవు పాతదానికి సరిపోవాలి, కాళ్ళ పొడవు మీ చక్రానికి తగ్గట్టు ఉండాలి, పైనట్టు మరలోకి చేత్తోనే సాఫీగా ఎక్కాలి. మెడ పొడవుగా ఉంటే పైన వాషర్లు వేసి సరిచేయవచ్చు, లేదా మర పెంచి మిగిలింది కోయవచ్చు. కానీ మర వేసిన చోట గొట్టం పల్చబడుతుంది. హ్యాండిలు కడ్డీ అడుగు కొస మర ఉన్న భాగం దాటి కిందికి దిగితేనే గట్టిగా నిలుస్తుంది. మెడ పొట్టిగా ఉంటే, మా అనుభవం గుర్తు చేసుకొని ఆ ఫోర్కును షాపులోనే వదిలేయండి.

కొత్త చక్రపు ఇరుసు పాత ఫోర్కు గాడిలో పట్టకపోతే ఆకురాయితో కాస్త అరగదీస్తారు. రెండు పక్కలా సమానంగా, కొద్దిగా అయితే ఫరవాలేదు. ఒక పక్కే అరిగితే చక్రం వంకరగా కూర్చుంటుంది.

5. వెనుక గొట్టాలు వెడల్పు చేయడం. గేర్ల చక్రం వేయించాలని పిల్లలు అడుగుతారు. ఒకే పళ్ళ చక్రం ఉన్న పాత సైకిలులో వెనుక సందు సుమారు 110 మిల్లీమీటర్లు. అయిదు గేర్ల చక్రానికి 120, ఆరేడు గేర్లకు 126, కొండ సైకిలు చక్రానికి 135 కావాలి. ఉక్కు ఫ్రేమును వేడి చేయకుండా, కొంచెం కొంచెంగా, రెండు పక్కలా సమానంగా విప్పవచ్చు. అల్యూమినియం ఫ్రేమును మాత్రం ఎప్పుడూ వంచకూడదు, అది పగులుతుంది. అయస్కాంతం అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం అనుకోండి. విప్పాక ఒక దారంతో పరీక్షించండి. వెనుక ఒక గాడికి దారం కట్టి, ముందు తల గొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడికి కట్టండి. సీటు గొట్టం నుంచి రెండు వైపులా దారం దూరం ఒకేలా ఉండాలి. ఇరుసు కూర్చునే చెవులు కూడా ఒకదానికొకటి ఎదురుగా, నిటారుగా ఉండాలి. లేకపోతే ఇరుసు వంగి విరుగుతుంది. నాలుగైదు మిల్లీమీటర్లు అంటే పెద్ద పని కాదు, సెంటీమీటరు దాటితే బాగా అనుభవం ఉన్నవారికే ఇవ్వండి.

ఎంత చవకగా చేస్తామన్నా వద్దనవలసినవి

పై బారును గానీ, ఇంకే ముఖ్య గొట్టాన్ని గానీ కోయించడం. ఫోర్కు మెడకు, కాళ్ళకు అతుకు వేయించడం. ఫోర్కును ఎర్రగా కాల్చి వంచడం. ఒకసారి సాగదీసిన ఫోర్కును మళ్ళీ సాగదీయడం, ఎందుకంటే తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే అదీ తెగుతుంది. లగ్గు దగ్గర పగులు కనిపిస్తే పైన వెల్డింగు పూసి రంగు వేయడం. ఈ అయిదింటిలో ఏది జరిగినా, సైకిలు నడుస్తూనే ఉంటుంది. విరిగేదాకా తెలియకపోవడమే ఇందులోని ప్రమాదం.

పొగ, దుమ్ము

పాప సైకిలుకు అతుకు వేసిన వెల్డింగు షాపు అబ్బాయి ఆ రాత్రే చలిజ్వరంతో పడుకున్నాడని తర్వాత తెలిసింది. మలేరియా ఏమో అనుకున్నారు. నీళ్ళ పైపుకు తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. దాన్ని కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కాడ్మియం పూత ఉన్న నట్లు, బోల్టులు కాల్చినప్పుడు వచ్చే పొగ ఇంకా ప్రమాదం. మొదట చిన్నగా ఉండి, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. వెల్డింగు తర్వాత ఆయాసం వస్తే జ్వరమే కదా అని ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి రండి. పూతను ముందే గీకివేసి, ఆరుబయట, గాలి వీచే వైపు నిలబడి పని చేయాలి.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని పరిమితం చేసే నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. తాతల కాలపు సైకిలు రంగు అంతకు చాలా ముందుది. ఎండు కాగితంతో రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. నీళ్ళతో తడిపి రుద్దండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. గర్భిణీలను, పిల్లలను దూరంగా ఉంచండి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోకండి.

పది నిమిషాల పరీక్ష

నెలకు ఒకసారి, ఆదివారం ఆరాధన అయి ఇంటికి వచ్చాక, తడిగుడ్డతో సైకిలు తుడవండి. తుడిచేటప్పుడే చూడాలి.

ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య బిగించి పట్టుకొని హ్యాండిలును తిప్పి చూడండి, జారకూడదు. ముందు బ్రేకు పట్టుకొని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి, తల దగ్గర టకటక శబ్దం వస్తే గోళీల కప్పు వదులయిందని అర్థం. తల గొట్టం వెనుక, కింది గొట్టం అడుగున వేలితో తడమండి. రంగు ముడతలు పడినా, వెంట్రుక లాంటి గీత ఉన్నా, అక్కడ తుప్పు నీరు కారినా సైకిలును ఆపేయండి. పక్క నుంచి చూడండి, ఫోర్కు కాళ్ళు వెనక్కు వంగి ఉంటే మలుపులో పాదం చక్రానికి తగులుతుంది.

హ్యాండిలు చివరలకు రబ్బరు పిడులు తప్పకుండా ఉండాలి. హ్యాండిలును కోసి పొట్టి చేయించి, చివర ఖాళీగా వదిలేస్తే ఆ గొట్టం అంచు కత్తి లాంటిది. పిల్లవాడు దాని మీద పడితే పొట్టలోకి దిగుతుంది. అలాగే చక్రాలు మార్చినప్పుడు చైను కవరును, చీర చిక్కకుండా ఉండే వలను పక్కన పారేయకండి, మళ్ళీ బిగించమని అడగండి. క్యారియరు మీద కూర్చున్న చిన్నపిల్లల మడమలు చక్రపు పుల్లల్లో ఇరుక్కొని, చర్మం లేచిపోయి మా దగ్గరికి వస్తుంటారు.

పడితే ఏమి చేయాలి

ఊడిన పన్ను శాశ్వత పన్ను అయితే వెతకండి. వేరు ముట్టుకోకుండా, పైన తెల్లటి భాగాన్నే పట్టుకోండి. మట్టి ఉంటే పాలతోనో మంచినీళ్ళతోనో కొన్ని క్షణాలు కడగండి, రుద్దకండి. తెలివిలో ఉంటే దాన్ని అదే గుంటలో పెట్టి, శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమనండి. కుదరకపోతే పచ్చిపాలలో వేసి అరగంటలో తీసుకురండి. మా పాప పళ్ళలో ఒకటి దొరికింది. కానీ కాగితంలో చుట్టి, ఎండబెట్టి, రెండు గంటల తర్వాత తెచ్చారు. నిలబెట్టలేకపోయాము. పాలపన్ను అయితే మళ్ళీ పెట్టకూడదు.

చెయ్యి వంకరగా ఉంటే నూనె పోసి రుద్దకండి, లాగకండి. మడిచిన న్యూస్‌పేపరును ఆసరాగా పెట్టి గుడ్డతో కట్టి తీసుకురండి. రోడ్డు గాయానికి సబ్బునీళ్ళతో కడగడమే మొదటి మందు. పసుపు, కాఫీ పొడి పెట్టవద్దు. ధనుర్వాతానికి టీడీ ఇంజక్షను అవసరమేమో అడగండి.

వాంతులు, మత్తు, ఫిట్స్, ముక్కులోంచో చెవిలోంచో నీరు లేదా రక్తం కారడం, తికమకగా మాట్లాడటం ఉంటే తలకు దెబ్బ తగిలిందని భావించి 108కి ఫోన్ చేయండి. మెడనొప్పి ఉంటే కూర్చోబెట్టకండి. హ్యాండిలు పొట్టకు గుచ్చుకుంటే, పైన చిన్న కమిలిన మచ్చే ఉన్నా, లోపల కాలేయానికో ప్లీహానికో గాయమై ఉండవచ్చు. పొట్టనొప్పి, వాంతి, ముఖం పాలిపోవడం ఎన్ని గంటల తర్వాత వచ్చినా తీసుకురండి.

ఒక్క మాట

మనదేశంలో 2011 జనవరి తర్వాత సహజ పోలియో కేసు రాలేదు. కానీ అంతకుముందు పోలియో సోకి కాలు సన్నబడినవారు మన మధ్య ఉన్నారు. వారి కోసం సైకిలును కోసి మూడు చక్రాల బండి చేయించాలని కొందరు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసే ట్రైసైకిళ్ళు పథకం కింద ఇస్తారు. ముందు జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి. కాగితాలు నింపడానికి మేము సహాయం చేస్తాము.

ఆ పాప మణికట్టు అతికింది. సంఘంలోని స్త్రీల సమాజం వారు చేయి వేసి, గేటు బయటి పెద్దాయన దగ్గర వాడిన ఆడవాళ్ళ సైకిలు ఫ్రేము ఒకటి ఇప్పించారు. తాతగారి సీటు, పెడళ్ళు, క్యారియరు, బెల్లు దానికి చక్కగా పట్టాయి. ఫ్రేమును భాగాలకు తగ్గట్టు కోసే బదులు, మంచి ఫ్రేముకు పాత భాగాలు బిగించారు. ఖర్చు ఆ తండ్రి వెల్డింగుకు ఇచ్చిన దానికంటే ఎక్కువే అయింది. కానీ పళ్ళు కట్టించిన ఖర్చు కంటే తక్కువ.

కాబట్టి షాపుకు వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న అడగండి: “ఇది గొట్టం కోయకుండా అవుతుందా?” అవుతుందంటే ధైర్యంగా చేయించండి. కాదంటే ఇంటికి వచ్చి ఇంకో దారి వెదకండి. దారి దొరకకపోతే మా దగ్గరికి రండి, కలిసి ఆలోచిద్దాము. మీ పిల్లల రాకపోకలను ప్రభువు కాపాడును గాక.